చెంగ్డు నుంచి లాసా దాకా రోడ్డు మీదే: ఇండియన్ పాస్‌పోర్టుతో ఎంతవరకు వీలవుతుంది?

బందరు_బస్సు · శుక్రవారం రాత్రి 10:12

అందరికీ నమస్తే. సెప్టెంబరులో దాదాపు నెల సెలవు దొరికేలా ఉంది. ఎన్నాళ్లనుంచో మనసులో ఉన్న రూటు ఒకటే. చెంగ్డులో దిగాలి, జి318 హైవే పట్టుకోవాలి, బస్సులు, షేర్ వ్యాన్లు, దొరికితే లిఫ్టులు, అలా లాసా చేరాలి. సుమారు 2,150 కిలోమీటర్లు. చైనా కుర్రాళ్లు ఇదే రోడ్డు మీద సైకిళ్లు తొక్కుకుంటూ వెళ్లే వీడియోలు చూసీ చూసీ నిద్ర పట్టడం లేదు. వీపున ఒక్క బ్యాగు, గైడూ గీడూ వద్దు, రోజుకి తక్కువ ఖర్చు. ఇంతకుముందు స్పితి, లద్దాఖ్ తిరిగాను కాబట్టి చలి కొత్త కాదు.

వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ముఖ్యంగా మన పాస్‌పోర్టుతో.

మెట్‌పల్లి_మోటార్ · శుక్రవారం రాత్రి 10:47

తమ్మీ, ఉన్నది ఉన్నట్టు చెప్తా, బాధపడకు. నువ్వు చెప్పిన పద్ధతిలో లాసా దాకా కుదరదు. నీ పాస్‌పోర్టు ఇండియాదా, జర్మనీదా అని కాదు. 2008 మార్చి గొడవల తర్వాత విదేశీయులెవరూ టిబెట్ స్వయంపాలిత ప్రాంతంలో సొంతంగా తిరగడానికి లేదు. ఏజెన్సీ, గైడు, బండి, పర్మిట్ అన్నీ ముందే కుదుర్చుకోవాలి.

జి318 మీద బాతాంగ్ దాటాక జిన్షా నది వస్తుంది. మన పటాల్లో యాంగ్‌ట్సీ అంటారే, దాని పైభాగం. ఇటు ఒడ్డు సిచువాన్, అటు ఒడ్డు టిబెట్. వంతెన దగ్గర చెక్‌పోస్టు. పర్మిట్ లేకపోతే అక్కడినుంచి వెనక్కి పంపుతారు. అసలు అంతదూరం కూడా రానివ్వరు, అటువైపు బస్సు టికెట్టే నీకు అమ్మరు.

ఇప్పుడు రెండో మాట విను. నువ్వు వీడియోల్లో చూసి పడిపోయిన సగం చోట్లు ఆ వంతెనకి ఇటువైపే ఉన్నాయి. కాంగ్‌డింగ్, లితాంగ్, యాడింగ్, గాన్‌జీ, దేగె. టిబెటన్లు ఈ ప్రాంతాన్ని ఖామ్ అంటారు, ఉత్తరాన గాన్సు, చింగ్హాయ్ వైపుదాన్ని ఆమ్దో అంటారు. చైనాలో ఉన్న టిబెటన్లలో సగానికి పైగా స్వయంపాలిత ప్రాంతం బయటే ఉంటారు. ఇక్కడ తిరగడానికి మామూలు చైనా వీసా చాలు, బస్సెక్కి పోవడమే. లాసా పేరు పట్టుకుని వేలాడకపోతే నీ ట్రిప్ నీకు దక్కుతుంది.

సింగపూర్_శ్రీ · శుక్రవారం రాత్రి 11:30

పర్మిట్ సంగతి కొంచెం వివరంగా రాస్తాను, నేను ఆ దారిలో వెళ్లొచ్చినవాడినే.

టిబెట్ ట్రావెల్ పర్మిట్ మనం నేరుగా తెచ్చుకోలేం. లాసాలో రిజిస్టరైన ఏజెన్సీ మన తరఫున టూరిజం శాఖకి పెడుతుంది. చైనా వీసా చేతిలో పడ్డాకే దానికి దరఖాస్తు. లాసా దాటి షిగాత్సె, ఎవరెస్ట్ బేస్ క్యాంప్ లాంటి చోట్లకి పోలీసు శాఖ ఇచ్చే ఇంకో పర్మిట్ కావాలి, కొన్ని సరిహద్దు ప్రాంతాలకి మిలిటరీ పర్మిట్ కూడా. ఇవన్నీ గైడే చూసుకుంటాడు. పర్మిట్ లేకుండా లాసా రైలు ఎక్కనివ్వరు, విమానమూ ఎక్కనివ్వరు.

ఏటా ఫిబ్రవరి చివరినుంచి మార్చి అంతా విదేశీయులకి మూసేస్తారు. సెప్టెంబరు అయితే ఆ బెంగ లేదు. మన పాస్‌పోర్టుకి ఆ నెలలో పర్మిట్ ఇస్తున్నారా అని ఏజెన్సీని డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. రూలు నెలకోలా మారుతుంది.

చెంగ్డు-లాసా రోడ్డు టూర్లు కూడా ఏజెన్సీలు వేస్తాయి. కానీ ఆ దారిలో చాందో ప్రాంతం ఉంది. దాన్ని విదేశీయులకి ఒక్కోసారి తెరుస్తారు, ఒక్కోసారి మూస్తారు. పైగా అన్ని రోజులకి బండి, డ్రైవరు, గైడు ఖర్చు ఒక్కడే భరించాలంటే నువ్వు చెప్పిన బడ్జెట్ మొదటి రెండు రోజుల్లోనే హరించుకుపోతుంది.

బందరు_బస్సు · శుక్రవారం రాత్రి 11:52

అన్నా, నీళ్లు చల్లేశారు. ఒక్క డౌటు. లోకల్ కారులో లిఫ్ట్ అడిగి, వెనక సీట్లో పడుకుని దూరిపోయినవాళ్లు ఎవరూ లేరా? పాత బ్లాగుల్లో అలాంటి కథలు చదివాను.

నిర్వాహకుడు · శనివారం ఉదయం 6:20

దొడ్డిదారి చర్చ ఇక్కడితో ఆపేద్దాం. పట్టుబడితే నీకు జరిమానా, దేశం నుంచి పంపేయడం, మళ్లీ వీసా కష్టం. అంతవరకు నీ కర్మ. నిన్ను ఎక్కించుకున్న డ్రైవరు అక్కడే బతకాలి. అతను టిబెటన్ అయితే వాడి సంగతి ఇంకా ఘోరం. మిగతా రూట్లు, ఖర్చులు, ఆరోగ్యం గురించి ఎంతైనా రాసుకోండి.

పాతపటాలు · శనివారం ఉదయం 7:05

నిర్వాహకుల మాటకి కట్టుబడే, చరిత్రగా ఒక్క ముక్క. దొంగచాటుగా లాసా వెళ్లినవాళ్లలో మనవాళ్లే ముందు వరసలో ఉన్నారు. కుమావూన్‌కి చెందిన నైన్ సింగ్ రావత్ బ్రిటిష్ సర్వే కోసం యాత్రికుడి వేషంలో నడిచి 1866 జనవరిలో లాసా చేరాడు. జపమాలలో 108 పూసలుండాలి కదా, ఆయన మాలలో 100 ఉండేవి. నూరు అడుగులు నడిచినప్పుడల్లా ఒక పూస జరిపి దూరం లెక్కపెట్టేవాడు. ప్రార్థన చక్రంలో మంత్రాలకి బదులు కొలతలు రాసిన కాగితాలు. ఫ్రెంచి వనిత అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ 1924లో బిచ్చగత్తె వేషంలో యున్నాన్ వైపునుంచి వెళ్లింది.

వాళ్లకి ముఖం స్కాన్ చేసే కెమెరాలు ఎదురు కాలేదు నాయనా. నువ్వు బుద్ధిగా బస్సెక్కు.

చెంగ్డు_డాక్టరమ్మ · శనివారం ఉదయం 9:40

తమ్ముడూ, నేను ఎంబీబీఎస్ చేసింది సిచువాన్‌లోనే, సెలవుల్లో తిరిగింది కూడా ఆ కొండలే. పర్మిట్ గొడవ పక్కన పెట్టు. నీ రూటులో నాకు టెన్షన్ పుట్టించేది ఎత్తు.

లెక్క చూడు. చెంగ్డు సముద్రమట్టానికి 500 మీటర్లు. 2018 చివర్లో యాన్-కాంగ్‌డింగ్ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక మధ్యాహ్నానికల్లా కాంగ్‌డింగ్‌లో ఉంటావు, అది 2,500. మర్నాడు బస్సెక్కితే జెదువో కనుమ 4,298, సాయంత్రానికి లితాంగ్, 4,014 మీటర్లలో పడక. రెండు రాత్రుల్లో మూడున్నర వేల మీటర్లు ఎక్కేశావన్నమాట. 3,000 దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదని డాక్టర్లంతా చెప్పేది. లితాంగ్ హాస్టళ్లలో మొదటి రాత్రి సీన్ ఎప్పుడూ ఒకటే. ఎలక్ట్రిక్ దుప్పటి ఆన్ చేసుకుని, దాని మీద జాకెట్టుతో ముడుచుకుని, పక్కన స్ప్రే డబ్బాలా ఉండే ఆక్సిజన్ టిన్ను పెట్టుకుని, తల రెండు చేతుల్తో పట్టుకున్న కుర్రాళ్లు. ఆ టిన్ను కొన్ని నిమిషాల ఊరట, అంతే. వైద్యం కాదు. షాపులవాళ్లు అంటగట్టే మూలికల సిరప్పులూ అంతే.

అందుకే దిశ మార్చు. యున్నాన్ వైపునుంచి ఎక్కు. కున్మింగ్ 1,900, దాలి 2,000, లిజియాంగ్ 2,400, షాంగ్రి-లా 3,200 పైచిలుకు. ఒక్కోచోట ఒకట్రెండు రాత్రులు. పైగా లిజియాంగ్, షాంగ్రి-లా మధ్య టైగర్ లీపింగ్ గార్జ్ ఉంది, పై దారిలో నడిస్తే ఊపిరితిత్తులకి మంచి కసరత్తు. లితాంగ్ చేరేసరికి నీ ఒళ్లు సిద్ధంగా ఉంటుంది. అక్కడినుంచి కాంగ్‌డింగ్ మీదుగా చెంగ్డు దిగడం ఎప్పుడూ సుఖమే.

స్పితి, లద్దాఖ్ అనుభవం ఉందని ధైర్యపడకు. క్రితంసారి ఏమీ కాలేదంటే ఈసారీ కాదని గ్యారంటీ లేదు. తలనొప్పితో పాటు తూలుడు, మాట తడబడటం, లేదా కూర్చున్నా ఆయాసం, నురగతో దగ్గు, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. బండి మాట్లాడుకుని కిందికి దిగిపో.

బందరు_బస్సు · శనివారం ఉదయం 10:15

అక్కా, ఇది మాత్రం నా బుర్రకి తట్టలేదు. యున్నాన్ నుంచి అయితే ఫ్లైట్ సంగతి? కున్మింగ్‌కి ఎలా చేరాలి?

సింగపూర్_శ్రీ · శనివారం ఉదయం 11:02

2025 అక్టోబరు 26 నుంచి కోల్‌కతా-గ్వాంగ్‌జౌ డైరెక్ట్ ఫ్లైట్ మళ్లీ మొదలైంది, అయిదేళ్ల తర్వాత. గ్వాంగ్‌జౌ నుంచి కున్మింగ్‌కి హైస్పీడ్ రైలుంది, పగలంతా ప్రయాణం. కున్మింగ్ నుంచి దాలి, లిజియాంగ్ కూడా రైలే. లిజియాంగ్-షాంగ్రి-లా లైను 2023 నవంబరులో తెరిచారు. అంటే 3,200 మీటర్ల ఎత్తు దాకా ఒక్కరోజులో రైల్లోనే దూసుకుపోవచ్చు. డాక్టరుగారు చెప్పారు కాబట్టి ఆ పని చేయకు.

ఇంకోటి. చైనా కొన్ని దేశాలవాళ్లకి ఇచ్చే 240 గంటల ట్రాన్సిట్ మినహాయింపులో మనం లేము. వీసా తీసుకునే వెళ్లాలి.

మెట్‌పల్లి_మోటార్ · శనివారం మధ్యాహ్నం 1:25

డాక్టరమ్మ మాట నిజం. నేనైతే జి318 మీదే ఎక్కమంటాను, కానీ ఎక్కినోళ్లంతా నాలాగ మొండోళ్లు కారు. సరే, షాంగ్రి-లా నుంచి ముందుకు ఎట్లా పోవాలో రాస్తా.

షాంగ్రి-లా గురించి ఎక్కువ ఆశలు పెట్టుకోకు. ఊరి అసలు పేరు జోంగ్‌దియన్, టూరిస్టుల కోసం 2001లో మార్చారు. పాతబస్తీలో పెద్ద భాగం 2014 జనవరిలో కాలిపోయింది, ఇప్పుడున్నది చాలావరకు కొత్తగా కట్టింది. సొంగ్‌జన్‌లిన్ మఠం చూడు, నిద్ర పో. రెండు మూడు రోజులు చేతిలో ఉంటే దెచిన్ వైపు పోయి కావాగెబో చూసి రా. 6,740 మీటర్లు, ఇప్పటిదాకా ఎవరూ ఎక్కని శిఖరం. 1991 జనవరిలో జపాన్-చైనా జట్టువాళ్లు 17 మంది హిమపాతంలో పోయారు. టిబెటన్లకి అది దేవుడు, ఎక్కడాన్ని తర్వాత నిషేధించారు. ఫెయిలాయ్‌సి దగ్గర తెల్లారుజామున లేచి నిలబడాలి. మబ్బు పడితే అంతే సంగతులు.

అక్కడినుంచి వెనక్కి షాంగ్రి-లా వచ్చి షియాంగ్‌చెంగ్, దావ్‌చెంగ్. యాడింగ్‌కి దావ్‌చెంగ్ నుంచే దారి. మూడు మంచుకొండలు, పెద్దది 6,032 మీటర్లు. లోపల వాళ్ల షటిల్ బస్సులే. పాల సరస్సు, అయిదు రంగుల సరస్సు నాలుగున్నర వేల పైనే, నెమ్మదిగా నడువు. చైనా టూరిస్టులు నేరుగా 4,411 మీటర్ల ఎత్తున్న దావ్‌చెంగ్ ఎయిర్‌పోర్టులో దిగి, ముక్కులో గొట్టం పెట్టుకుని కొండెక్కుతుంటారు. ప్రపంచంలో అంతకంటే ఎత్తయిన సివిల్ ఎయిర్‌పోర్టు లేదు.

తర్వాత లితాంగ్. ఏడో దలైలామా పుట్టింది ఇక్కడే. 2020లో డింగ్ జెన్ అనే కుర్రాడి చిన్న వీడియో వైరలయ్యాక ఊరంతా టూరిజమే. అయినా మఠం వెనక సందుల్లోకి పో, ముసలమ్మలు ప్రార్థన చక్రాలు తిప్పుకుంటూ ఎండకి కూర్చుని ఉంటారు.

లితాంగ్ నుంచి చాలామంది కాంగ్‌డింగ్ పోతారు. నువ్వు ఉత్తరంగా షిన్‌లాంగ్ మీదుగా గాన్‌జీ పో. అక్కడినుంచి దేగె.

బందరు_బస్సు · శనివారం మధ్యాహ్నం 1:50

దేగెలో ఏముందన్నా? పటంలో చూస్తే మరీ చివరన ఉంది, జిన్షా పక్కనే.

మెట్‌పల్లి_మోటార్ · శనివారం మధ్యాహ్నం 2:30

పర్‌ఖాంగ్ ఉంది. అచ్చుశాల. దేగె రాజు తెన్పా త్సెరింగ్ 1729లో మొదలుపెట్టించాడు, ఇప్పటికీ చేత్తోనే అచ్చేస్తున్నారు. చెక్క అచ్చులు రెండు లక్షల పైనే. గదుల్లో నేలనుంచి కప్పు దాకా అరలు, ఒక్కో అచ్చుకి పుస్తకంలా పట్టుకోవడానికి పిడి.

పని చేసేది చూడాలి. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకడు ఎత్తు మీద, ఒకడు కింద. మధ్యలో వాలుగా అచ్చు. పైవాడు సిరా పూస్తాడు. కిందివాడు కాగితం పరుస్తాడు, రోలర్‌తో ఒక్క ఊపు, కాగితం లేచిపోతుంది, ఇంకో కాగితం. ఇద్దరూ ఒకేసారి ముందుకీ వెనక్కీ ఊగుతుంటారు, మాటల్లేవు. నిలబడి చూస్తుంటే కళ్లు తిరుగుతాయి, ఎత్తు వల్ల కాదు. పెద్ద గ్రంథాలకి ఎర్ర సిరా, మిగతావాటికి నలుపు. కింద వాకిట్లో ఆ రోజు వాడిన అచ్చుల్ని ఇంకొకరు నీళ్లతో కడుగుతుంటారు, చేతులు మోచేతుల దాకా ఎర్రగా. కాగితం తయారీకి వాడే మొక్క వేరు విషం, అందుకే పురుగు పట్టదు. బయట గోడ చుట్టూ జనం పొద్దున్నుంచి ప్రదక్షిణలు.

ఇదివరకు గాన్‌జీ నుంచి దేగె రావాలంటే 5,000 మీటర్ల కనుమ దాటాలి. మంచు పడితే లారీలు రెండు పక్కలా ఆగిపోయేవి. 2017లో ఏడు కిలోమీటర్ల సొరంగం తెరిచారు. ఇప్పుడు భయం లేదు, మజా కూడా కొంచెం పోయింది.

వ్యాన్ల గురించి. చిన్న ఊళ్లలో బస్సులు పొద్దున్నే ఒకటో రెండో. మిగతాదంతా ఏడు సీట్ల వ్యాన్లే. డ్రైవర్లు బస్టాండు బయట ఊరి పేరు అరుస్తుంటారు. సీట్లు నిండేదాకా కదలరు. ఎక్కేముందే రేటు ఫోన్ కాలిక్యులేటర్లో కొట్టించి చూపించుకో. మనిషికా, మొత్తం బండికా అనేది తేల్చుకో.

సెర్తార్ దగ్గరి లారుంగ్ గార్, ఇంకోచోట ఉన్న యార్చెన్ గార్ ఆశ్రమాల ఫోటోలు చూసి ఉంటావు, కొండంతా ఎర్ర గుడిసెలు. అవి చాలా ఏళ్లుగా విదేశీయులకి మూసేశారు. వాటి పేరెత్తకు.

శాకాహారి_సుబ్బు · శనివారం సాయంత్రం 5:10

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. నేను గుడ్డు కూడా తినను. యాక్ మాంసం తప్ప ఏమీ దొరకదంటారు. నాలాంటివాడు బతుకుతాడా?

చెంగ్డు_డాక్టరమ్మ · శనివారం సాయంత్రం 6:00

బతుకుతారు సుబ్బుగారూ, కొంచెం తెలివిగా ఉంటే. ఊరూరా సిచువాన్ వాళ్ల చిన్న హోటళ్లుంటాయి. లోపలికెళ్లి ఫ్రిజ్‌లో ఉన్న కూరగాయ చూపించండి, అదే వేయించి ఇస్తారు. పచ్చిమిర్చితో సన్నగా తరిగిన బంగాళాదుంప, వెల్లుల్లి వేసిన ఆకుకూర, వంకాయ, అన్నం. ఎక్కడైనా దొరుకుతాయి. మాపో టోఫు చూసి మోసపోవద్దు, అందులో కీమా వేస్తారు. "మాంసం, గుడ్డు, మాంసం రసం, పంది కొవ్వు వద్దు" అని చైనీస్‌లో రాయించుకుని ఫోన్‌లో పెట్టుకోండి. ఒట్టి "శాకాహారం" అంటే నాలుగు మాంసం ముక్కలు అలంకారంగా వేసి తెస్తారు. సిచువాన్ మిరియం నాలుకని మొద్దుబారుస్తుంది, మొదటిరోజు కంగారు పడొద్దు.

టిబెటన్ ఇళ్లలో త్సంపా పెడతారు. వేయించిన యవల పిండి, మన సత్తుపిండి లాంటిదే, వెన్న టీతో చేత్తో కలిపి ముద్ద చేస్తారు. ఉప్పు వేసిన టీ అని ముందే తెలిసి తాగితే బాగుంటుంది. మన చాయ్ అనుకుని తాగితేనే కష్టం.

బందరు_బస్సు · శనివారం రాత్రి 8:45

ఫోను, డబ్బుల సంగతి? నాకు చైనీస్ ఒక్క ముక్క రాదు.

సింగపూర్_శ్రీ · శనివారం రాత్రి 9:30

అలీపే, వీచాట్ రెండూ ఇక్కడే వేసుకుని, పాస్‌పోర్టు వెరిఫై చేసి, వీసా కార్డో మాస్టర్‌కార్డో కలుపుకుని వెళ్లు. రూపే కార్డు నమ్ముకోకు. 200 యువాన్ల లోపు చెల్లింపుకి అదనపు చార్జీ లేదు, దాటితే 3 శాతం. యువాన్ అంటే మనకి సుమారు పన్నెండు, పదమూడు రూపాయలు. కొండల్లో సిగ్నల్ పోయే చోట్లకి కొంత నోట్లు ఉంచుకో.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడి నెట్‌లో తెరుచుకోవు. మన సిమ్ ఇంటర్నేషనల్ రోమింగ్‌లో ఉంటే మాత్రం పనిచేస్తాయి. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి ముందే చెప్పు, రెండు రోజులు బ్లూటిక్ పడకపోతే మనవాళ్లు ఎంబసీకి ఫోన్ చేస్తారు. మ్యాప్ కోసం గావ్‌దె యాప్. అనువాదం యాప్‌లో చైనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్ దించుకో.

రైలు టికెట్లు 12306 యాప్‌లో పాస్‌పోర్టు నంబరుతోనే, రెండు వారాల ముందు తెరుస్తారు. కాగితం టికెట్ ఉండదు, స్టేషన్లో పాస్‌పోర్టు చూపించడమే. పవర్ బ్యాంక్ ఒకటుంది జాగ్రత్త. 2025 జూన్ 28 నుంచి చైనా లోపలి విమానాల్లో వాళ్ల 3సీ అనే భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంక్ తీసేసుకుంటున్నారు.

హోటళ్లలో పాస్‌పోర్టు స్కాన్ చేస్తారు, అదే పోలీసు రిజిస్ట్రేషన్. ఎవరింట్లోనైనా ఉంటే 24 గంటల్లో మనమే పోలీస్ స్టేషన్లో చెప్పుకోవాలి.

రైలుబండి · శనివారం రాత్రి 10:20

ఇంత చర్చలో రైలు గురించి ఎవరూ మాట్లాడరేం? రోడ్డు కుదరకపోతే చింగ్హాయ్ రాజధాని షీనింగ్ నుంచి లాసాకి రైలుంది కదా. 1,956 కిలోమీటర్లు, 21 గంటల చిల్లర. షీనింగ్-గోల్ముద్ ముక్క 1984లోనే వచ్చింది, గోల్ముద్-లాసా 2006 జులై 1న. తంగులా కనుమ దగ్గర 5,072 మీటర్లు, ప్రపంచంలో ఇంత ఎత్తున ఇంకో రైలు మార్గం లేదు.

వృత్తిరీత్యా నాకు నచ్చేది కిటికీలోంచి దగ్గరగా కనిపించేది. ఆ దారిలో దాదాపు 550 కిలోమీటర్లు నేల లోపల ఏడాది పొడుగునా గడ్డకట్టే ఉంటుంది. ఎండాకాలం పై పొర కరిగితే పట్టాలు కుంగుతాయి. అందుకని కట్ట పక్కన వరసగా ఇనప గొట్టాలు పాతారు, మనిషి ఎత్తున పైకి కనిపిస్తాయి. లోపల అమ్మోనియా. చలికాలంలో నేలలోని వేడిని అది పీల్చుకుని ఆవిరై పైకి పోతుంది, చల్లగాలికి ద్రవమై మళ్లీ కిందికి జారుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. కొన్నిచోట్ల కట్టే వద్దనుకుని వంతెనల మీద లేపేశారు. ఆ వంతెనల కిందినుంచి టిబెటన్ జింకలు దాటుతాయి.

గోల్ముద్ దాటాక బోగీల్లోకి ఆక్సిజన్ వదులుతారు, బెర్తు దగ్గర గొట్టం పెట్టుకునే రంధ్రం కూడా ఉంటుంది. చిప్స్ ప్యాకెట్లు బెలూన్లలా ఉబ్బుతాయి. ప్రతి బోగీలో వేణ్నీళ్ల కుళాయి, కప్పు నూడుల్స్ తెచ్చుకుంటే చాలు. పగలు ఎత్తు ప్రాంతం దాటే రైలు చూసుకుని ఎక్కు.

మెట్‌పల్లి_మోటార్ · శనివారం రాత్రి 10:41

రైలు గొప్పదే, కాదన్నదెవరు. దిగాక గేటు దగ్గర గైడు నీ పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడతాడు. పొటాలా కోటలో గంట, జోఖాంగ్ గుడిలో గంట, మధ్యలో దుకాణం. దాన్ని బ్యాక్‌ప్యాకింగ్ అంటారా? నెల సెలవంతా ఖామ్‌కి ఇచ్చినా సరిపోదు, అందులోంచి వారం కోసి లాసాకి ఇస్తే ఇక మిగిలేదేంది?

సింగపూర్_శ్రీ · శనివారం రాత్రి 11:08

మీరు లాసా వెళ్లకుండా లాసా గురించి చెప్తున్నారు, ఏమనుకోవద్దు. చూడాల్సిన చోట్లకి గైడుతో వెళ్లాలి, నిజమే. సాయంత్రం బర్ఖోర్ వీధిలో మన ఇష్టం, ఎవరూ వెంట రారు. జోఖాంగ్ ముందు రాళ్లు సాష్టాంగాలు చేసీ చేసీ అద్దంలా నునుపెక్కాయి. ఖామ్ నుంచి నెలల తరబడి దారి పొడుగునా సాష్టాంగపడుతూ వచ్చినవాళ్లు అక్కడ చేరతారు, నుదుటి మీద కాయ, చేతులకి చెక్క పలకలు. మీ ఖామ్ వాళ్లకే లాసా అంత ముఖ్యం. మనం వద్దనడమేమిటి?

పొటాలా టికెట్ సీజన్లో 200 యువాన్లు, లోపల టైమ్ లిమిట్ ఉంది, గైడు తొందర పెడతాడు. అదొక్కటీ నేనూ ఒప్పుకుంటా.

పాతపటాలు · ఆదివారం ఉదయం 6:50

ఇద్దరూ నిజమే చెబుతున్నారు కాబట్టి గొడవ తెగదు. నేను ఇంకో సంగతి చెప్తాను. ఇండియా అంటే టిబెటన్లు గ్యాగర్ అంటారు. లితాంగ్ వైపు ఆ మాట చెప్పి చూడు. ముసలివాళ్ల ముఖాలు వెలిగిపోతాయి, చేతులు పట్టుకుంటారు, బుద్ధగయ పేరు చెబుతారు. మా ఊరికి దగ్గర్లోని అమరావతి వాళ్లకి మనకంటే బాగా తెలుసు. కాలచక్రమనే బౌద్ధ తంత్రాన్ని మొదట బోధించింది ధాన్యకటకంలోనే అని వాళ్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చినప్పుడు కృష్ణ ఒడ్డున ఎర్ర వస్త్రాల జనాన్ని చూసి మా వీధివాళ్లంతా నోరెళ్లబెట్టారు.

అయితే ఆ సంగతి అక్కడ నువ్వు ఎత్తకు. దలైలామా ఫోటో ఫోన్లో కూడా ఉంచుకోకు. రాజకీయం అడగకు, వాళ్లే మొదలుపెట్టినా మాట మార్చు. కెమెరా నిన్నూ చూస్తుంది, వాళ్లనీ చూస్తుంది. నువ్వు వారం తర్వాత వెళ్లిపోతావు.

రైలుబండి · ఆదివారం ఉదయం 8:15

మాస్టారూ, షింజియాంగ్ వైపునుంచి జి219 ఉంది కదా, యెచెంగ్ నుంచి పశ్చిమ టిబెట్‌కి. అది ఎవరైనా చేశారా?

మెట్‌పల్లి_మోటార్ · ఆదివారం ఉదయం 8:40

ఆ రోడ్డు అక్సాయ్ చిన్ మీదుగా పోతుంది సార్. 1957లో వాళ్లు అది పూర్తి చేశాకే మనకి సంగతి తెలిసింది, తర్వాత కథ మీకు తెలుసు. మన పాస్‌పోర్టు పట్టుకుని ఆ పేరు ఎత్తడం కూడా దండగ.

సింగపూర్_శ్రీ · ఆదివారం ఉదయం 9:05

ఎవరో ఒకరు కైలాసం గురించి అడుగుతారు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. అది వేరే లెక్క. మన విదేశాంగ శాఖ నడిపే యాత్ర అయిదేళ్ల విరామం తర్వాత 2025లో మళ్లీ మొదలైంది. ఆ ఏడు లిపులేఖ్ మీదుగా 5 బృందాలు, నాథు లా మీదుగా 10 బృందాలు, ఒక్కో బృందంలో 50 మంది. దరఖాస్తు, లాటరీ, ఢిల్లీలో మెడికల్ టెస్టులు. బ్యాక్‌ప్యాకింగ్‌తో కలపకండి.

బందరు_బస్సు · ఆదివారం రాత్రి 9:20

రెండు రోజులు పటం ముందేసుకుని కూర్చున్నా. ఇప్పుడు ప్లాన్ ఇది. కోల్‌కతా, గ్వాంగ్‌జౌ, కున్మింగ్. దాలి, లిజియాంగ్, గార్జ్ నడక, షాంగ్రి-లా. దెచిన్ వాతావరణం బట్టి. తర్వాత యాడింగ్, లితాంగ్, గాన్‌జీ, దేగె, మళ్లీ గాన్‌జీ మీదుగా కాంగ్‌డింగ్, చెంగ్డు. లాసా ఈసారికి వదిలేస్తున్నా. శ్రీ అన్నా, కోప్పడకండి. గైడుతో వెళ్లేది అమ్మానాన్నలతో కలిసి రైల్లో వెళ్తా. వీసా ఫారంలో కూడా యున్నాన్, సిచువాన్ అనే రాస్తా, అదే నిజం కాబట్టి.

సింగపూర్_శ్రీ · ఆదివారం రాత్రి 9:34

కోపమేం లేదు. అమ్మానాన్నలని తీసుకెళ్లేముందు బీపీ, గుండె చూపించు. ఇంకోటి, అక్టోబరు 1 నుంచి చైనాలో వారం సెలవులు. దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది, యాడింగ్‌లో కాలు పెట్టే సందుండదు. సెప్టెంబరు 28కల్లా చెంగ్డులో ఉండేలా చూసుకో.

మెట్‌పల్లి_మోటార్ · ఆదివారం రాత్రి 9:50

శభాష్. సెప్టెంబరు మొదట్లో వానలింకా ఉంటాయి, కొండచరియలు పడి రోడ్డు ఒక పూట మూసుకుపోవడం మామూలు. షిన్‌లాంగ్ రోడ్డుకి ఒకరోజు అదనంగా ఉంచు. గాన్‌జీ దాకా పోయి దేగె ఎగ్గొడితే మాత్రం నాకు చెప్పకు.

బందరు_బస్సు · ఆదివారం రాత్రి 10:05

ఎగ్గొట్టను అన్నా! అక్కా, ఆఖరి ప్రశ్న. ఎత్తు జబ్బు రాకుండా వేసే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా? నాతో షాంగ్రి-లా దాకా వచ్చే ఫ్రెండుకి సల్ఫా మందులు పడవు.

చెంగ్డు_డాక్టరమ్మ · సోమవారం ఉదయం 7:30

నువ్వు ఎక్కే దారిలో, చెప్పినట్టు ఆగుతూ వెళ్తే తప్పనిసరి కాదు. వేసుకోవాలనుకుంటే షాంగ్రి-లా నుంచి దావ్‌చెంగ్ బయల్దేరే ముందు రోజునుంచి 125 మిల్లీగ్రాములు పొద్దున, సాయంత్రం. వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి, మూత్రం ఎక్కువగా వస్తుంది, వ్యాన్ ఎక్కేముందు వెళ్లి రా. బీపీ మందులో ఇంకేవైనా వాడుతుంటే మీ డాక్టరుని అడిగాకే.

ఫ్రెండు సంగతి వేరు. సల్ఫా అంటే ఒట్టి దద్దుర్లు వచ్చాయా, ముఖం వాచి ఊపిరాడక ఆసుపత్రి దాకా వెళ్లారా అన్నది ముఖ్యం. రెండోదైతే డయామాక్స్ ముట్టుకోవద్దు. మొదటిదైనా సరే, ఇక్కడే డాక్టరు ఎదురుగా ఒక డోసు వేసుకుని చూడాలి, కొండ మీద కాదు. షాంగ్రి-లా 3,200 వరకే కాబట్టి మందు లేకుండా, లిజియాంగ్‌లో ఒక రాత్రి ఎక్కువ ఉంటే తనకి సరిపోతుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా మూత్రపిండాల్లో రాళ్ల చరిత్ర ఉంటే అది కూడా చెప్పండి.